గొళ్లెం వేసే ఉంది

ఏడేళ్లుగా ఒక గొళ్లెం మోస్తున్నాను. మా దొడ్డి గేటుకు ఉండే ఇనుప గొళ్లెం. అరచేతిలో పట్టేంతది. అది ఉన్నచోటే ఉంది, గేటూ ఉన్నచోటే ఉంది. బరువు మాత్రం నా మీద ఉంది.

ఈ మాట ఇంతవరకూ ఏ మనిషికీ చెప్పలేదు. మీరు మా వీధివాళ్లు కాదు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు అడగకండి. మైపాడు పోయే రోడ్డు మీద వలలు, తాళ్లు, వల తేలడానికి కట్టే బెండ్లు అమ్మే కొట్లలో ఒకటి నాది. మా నాన్న పెట్టింది. గల్లాపెట్టె కింద పాకి, తాళ్ల చుట్టల మధ్య నడక నేర్చుకున్నాను. దీనికి మాటలకంటే ముందు బేరం వచ్చింది అనేది మా అమ్మ. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా పెళ్లి కూడా బేరం కుదరకే ఆగిపోయిందని మా వీధిలో ఒక జోకు. అదీ నిజమే. బేరమాడింది నేనే.

ముందే చెబుతున్నాను. ఇది చదివి నన్ను క్షమించేయాలని మీరేమీ కష్టపడకండి. ఏడ్చి చూపించడం నాకు రాదు. నేను చేసినదాంట్లో చాలావరకు సరైనదేనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. వాదించలేని ముక్క ఒకటుంది. ఇదంతా ఆ ముక్క కోసమే.

కొట్లో తాళ్లు పోతున్నాయి, కాపలాకి కుక్క కావాలి అని అందరికీ చెప్పాను. ముందు కొట్టు, వెనక రెండు గదులు, ఆ వెనక దొడ్డి, ఇదీ మా ఇల్లు. అమ్మ పోయాక ఆ వెనక గదుల్లో నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాపలా అంటే జనం నమ్ముతారు. ఇంకో ఊపిరి చప్పుడు కావాలంటే నవ్వుతారు.

నెల్లూరులో సరళ గారని రిటైరైన టీచరమ్మ ఉన్నారు. బండ్ల కింద పడిన వీధికుక్కలను తెచ్చి, కట్లు కట్టి, కోలుకున్నాక అడిగినవాళ్లకు ఇస్తారు. వాళ్లింటికి పోతే పది కుక్కలు మీదికొచ్చి మొరిగాయి. ఒకటి మాత్రం మంచం కింద నుంచి బయటికి రాలేదు. గోధుమ రంగు ఆడకుక్క. ఎడమ చెవి సగమే ఉంది. వెనక కాలు కొంచెం ఈడుస్తుంది. ఎవరూ అడగని సరుకు మీద నా చెయ్యి ముందు పడుతుంది, అది చిన్నప్పటి అలవాటు. అదే కావాలన్నాను.

"కాపలాకన్నారు కదమ్మా. అది మనిషిని చూస్తేనే దాక్కుంటుంది" అన్నారు సరళ గారు.

"దాక్కుంటే ఇంకా మంచిది మేడం, దొంగకు కనబడదు" అన్నాను.

ఊరికే ఇచ్చే కుక్కకు బేరమేముంటుంది అనుకుంటున్నారు కదూ? నాకు దొరికింది. షరతుల మీద ఆడాను.

పద్నాలుగు రోజులు ఒకే గదిలో ఉంచాలన్నారామె. నీళ్ల గిన్నె, తిండి గిన్నె ఒకచోట పెడితే మళ్లీ కదపకూడదు. స్నానం చేయించకూడదు. చూడ్డానికి ఎవర్నీ రానివ్వకూడదు. కళ్లలోకి గుచ్చి చూడకూడదు, తల మీదుగా చెయ్యి పెట్టకూడదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుంటే అదే వచ్చి వాసన చూస్తుంది, వచ్చేదాకా ఆగాలి. దొడ్లోకి తీసుకుపోయినా సరే మెడకు ఒక బెల్టు, ఒంటికి ఒక బెల్టు, రెంటికీ రెండు తాళ్లు ఉండాలి. "భయపడిన కుక్క వెనక్కి లాగిందంటే మెడ బెల్టులోంచి తల జారిపోతుందమ్మా. పారిపోతే తిరిగి రావడానికి దానికి మీ ఇల్లే తన ఇల్లని ఇంకా తెలీదు కదా" అన్నారు. చివర్న ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా అజాగ్రత్త వల్ల కుక్క తప్పిపోతే, దొరికాక ఆమె వెనక్కి తీసుకుంటారు, ఇక నాకివ్వరు.

నేను అన్నిటికీ తల ఊపాను. తల ఊపుతూనే లోపల తగ్గించుకుంటూ పోయాను. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది. ఎవరైనా ఒక అంకె చెప్పారంటే, తగ్గించడానికి వీలుగా పెంచి చెప్పారని అర్థం. ఆ పాఠంతోనే బతికాను. డాక్టరు ఐదు రోజులు మాత్రలు వేసుకోమంటే మూడు రోజులు వేసుకునేదాన్ని. పద్నాలుగు అన్నారంటే ఆమె మనసులో ఉన్నది ఏడు. రెండు బెల్టులు అన్నారంటే కావలసింది ఒకటి. ఒకటి కొనడానికి వచ్చినవాళ్లకు రెండు అంటగట్టడం మా నాన్న దగ్గర నేను చూడని విద్యా? పైగా, పడవలు లాగే తాళ్లు అమ్మేదాన్ని నేను. నాకు కుక్కను కట్టడం నేర్పుతారా?

ఆటో దిగీ దిగగానే ఒక పడవ మనిషి వచ్చి, బేరమే ఆడకుండా ఒక తాడు చుట్ట కొనుక్కుపోయాడు. అందుకని దానికి బోణీ అని పేరు పెట్టాను.

మూడు రోజులు బోణీ ఏమీ తినలేదు. వెనక గదిలో తాళ్ల చుట్టల వెనక దూరి, ముక్కు కూడా కనబడనీయకుండా పడుకుంది. పెరుగన్నం పెట్టాను. పాలు పోశాను. బిస్కెట్లు వేశాను. చెప్పినట్టే పక్కకు తిరిగి నేల మీద కూర్చున్నాను. వచ్చినా రాకపోయినా పట్టనట్టు కూర్చోవడం నాకు కష్టమేమీ కాలేదు. కొట్లో కొనేవాడి ముందు కూర్చునేది అలాగే కదా.

నాలుగో రోజు పొద్దున దొడ్డి గేటు దగ్గర నీళ్ల కోసం చెంగమ్మ ఆగింది. రోజూ పొద్దున్నే మైపాడు నుంచి ఆటోలో గంప తెచ్చి మా వీధిలో చేపలు అమ్మేది. మా ఇంట్లో చేపలు తినం కాబట్టి మాకూ తనకూ ఉన్నది నీళ్ల సంబంధమే.

"కుక్కని తెచ్చినావంట గదక్కా? ఏం పెడతుండావు దానికి?"

"పెరుగన్నం."

"పెరుగన్నమా! నువ్వు తెచ్చింది కుక్కనా, అయ్యోరినా?"

మర్నాడు ఒక డబ్బాలో ఉడకబెట్టిన నెత్తళ్లు తెచ్చింది. వేలెడంత చిన్న చేపలు. గేటు తీసుకుని దొడ్లోకి వచ్చి, గది గడప అవతలే కూర్చుని, ఒక్కొక్కటే లోపలికి విసిరింది. కుక్క వైపు కూడా చూడలేదు. ఎవరు నేర్పారు ఆమెకు? సరళ గారి కాగితం ఆమె చదవలేదు. చదవడమే రాదు. తాళ్ల వెనక నుంచి మొదట సగం చెవి వచ్చింది, తరవాత కుక్క వచ్చింది. ఆ రోజు నుంచి చెంగమ్మ రోజూ వచ్చేది. కొట్టు తెరవకముందే వచ్చి, నెత్తళ్లు పెట్టి, పోతూ పోతూ గేటుకు గొళ్లెం వేసేది. మా వీధిలో మాలాంటి ఇళ్లవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను పట్టించుకోలేదు. పట్టించుకోనందుకు నన్ను చూసి నాకే గర్వంగా ఉండేది.

ఆరో రోజు, నేను నేల మీద కూర్చుని ఉంటే, బోణీ వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించింది. ఆ కాస్త బరువుకు గంటసేపు కాలు కదపలేదు. కొట్లోంచి ఎవరో పిలిచి పిలిచి పోయారు. నా జన్మలో చేతికొచ్చిన గిరాకీ వదులుకున్నది ఆ ఒక్కసారే.

ఎనిమిదో రోజు అమావాస్య. పద్నాలుగులో సగం అయిపోయింది. నా లెక్కలో గడువు తీరింది.

మా రోడ్డు మీద కొట్లవాళ్లందరం అమావాస్య పొద్దున కొట్టు తెరిచే ముందు బూడిద గుమ్మడికాయ పగలగొడతాం. కొట్టుకు తగిలిన దిష్టి పోవడానికి. చెంగమ్మ వచ్చి పోయి అరగంట అయింది. ముసురు పట్టి ఉంది. రోడ్డు మీద మనిషి లేడు. మా ఎదురుగా ముళ్లకంపలు మొలిచిన ఖాళీ స్థలమే. నాకొక ఆలోచన వచ్చింది. వీధిలో ఇంతమంది కళ్లు పడుతున్నాయి కదా బోణీ మీద, దీనికీ దిష్టి తీసేద్దాం అనుకున్నాను. ప్రేమతోనే అనుకున్నాను. అది మాత్రం రాసిపెట్టుకోండి. మెడ బెల్టుకు మంచి నైలాన్ తాడు కట్టి, ముందు వాకిలికి తెచ్చి, షట్టరు కొక్కానికి బిగించాను. కాయ మీద కర్పూరం వెలిగించి, బోణీ తల చుట్టూ మూడుసార్లు తిప్పాను. తల మీదుగా చెయ్యి పెట్టకూడదని ఎవరో చెప్పారు. ఆ చేతిలో నిప్పు కూడా ఉంది. తిప్పి, రోడ్డు మీద నేలకేసి కొట్టాను.

ఆ చప్పుడుకు బోణీ ఎగరలేదు, మొరగలేదు. వెనక్కి లాగింది. ఒక్క లాగు. తల జారిపోయింది.

నా ముడి ఊడలేదు. తాడు తెగలేదు. దాని చివర బెల్టు గుండ్రంగా, ఖాళీగా వేలాడుతోంది. బోణీ అని అరిచాను. వారం క్రితం పెట్టిన పేరు, దానికేం తెలుసు? కాలు ఈడ్చుకుంటూ కూడా అంత వేగంగా పరుగెత్తగలదని నేననుకోలేదు. మలుపు దాకా పరుగెత్తి, వెతికి, తిరిగొచ్చాను.

ఇక్కడిదాకా తప్పు కాదు. తెలివితక్కువతనం. దానికి నేను ఏడేళ్లు మోసే బరువేమీ లేదు.

తరవాత ఏం చేశానో చెబుతాను. దొడ్డి గేటు దగ్గరికి పోయాను. గొళ్లెం వేసే ఉంది. చెంగమ్మ ఎప్పటిలాగే వేసి పోయింది. నా చేత్తో తీశాను. గేటు జానెడు తెరిచి వదిలాను. బెల్టూ తాడూ తీసుకుపోయి కొట్లో తాళ్ల మధ్య దాచాను. తాళ్లలో తాడు దాచడం ఎంత తేలికో! ఎంతసేపు ఆలోచించాను? ఆలోచించానా అసలు? సరుకు పాడైతే పాడైన వైపు కిందికి తిప్పి పెట్టడం నా చేతులకు తెలుసు. నా కంటే ముందు అవే పోయాయి.

ఎనిమిదింటికి, రోజూ చేసినట్టే, సరళ గారు ఫోన్ చేశారు. బోణీ పోయిందన్నాను. ఎలా అన్నారు. దొడ్డి గేటు తెరిచి ఉందన్నాను. ఎవరు తెరిచారన్నారు. ఏమో మేడం, పొద్దున చేపలమ్మ వచ్చి పోయింది అన్నాను. చూడండి, పోయిందన్నది నిజం. తెరిచి ఉందన్నది నిజం. వచ్చి పోయిందన్నదీ నిజం. మూడు నిజాలు పక్కపక్కన పెట్టాను, కూడుకునే పని విన్నవాళ్లకు వదిలాను.

ఎందుకు చేశానంటారు? ఆ కాగితం మీద సంతకం ఉంది. నిజం చెబితే కుక్క దొరికినా నాది కాదు. నా పాదం మీద ఆనిన ఆ గడ్డం మళ్లీ ఇంకొకరి పాదం మీద. ఇవ్వను. అప్పుడూ ఇవ్వనన్నాను, ఇప్పుడూ ఇవ్వనంటాను. కుక్కను నిలుపుకున్నందుకు నాకు రవ్వంత సిగ్గు లేదు.

చెంగమ్మకు వీధిలోనే తెలిసింది. గంప ఎవరి అరుగు మీదో దించేసి పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర నిలబడి గొళ్లెం వైపు చూసింది. ఆ తరవాతి మాటల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు.

"నేను ఏసినా గదక్కా గొళ్లెం."

"వేసే ఉంటావులే."

"ఏసినా. ఏసినట్టే గుర్తుండాది నాకు."

నేనేమీ అనలేదు.

"గాలికేమన్నా ఊడిందేమో... ఇనప గొళ్లెం, గాలికి యాడ ఊడద్దిలే."

నేనేమీ అనలేదు.

"పొద్దున గంప బరువుగా ఉండాది. ఆటో వాడు అరస్తా ఉండాడు. ఏమో అక్కా. మరిచిపోయినానేమో." తన కుడిచేతి వైపు చూసుకుంది, అది తనది కానట్టు. "నేనే మరిచిపోయినాను."

బేరంలో మౌనం ఎంత పదునో కొట్లో పెరిగినవాళ్లకు తెలుసు. ఎదుటివాడు ఒక మాట అంటాడు, నువ్వు మాట్లాడకపోతే తనే తగ్గుతాడు, ఇంకా మాట్లాడకపోతే ఇంకా తగ్గుతాడు. నా కళ్లముందు చెంగమ్మ అలాగే తగ్గుతూ వచ్చింది. వేశాను అన్న మనిషి, వేసినట్టు గుర్తు అంది, ఊడిందేమో అంది, మరిచిపోయానేమో అంది, చివరికి మరిచిపోయాను అంది. నేను అడగకుండానే. నా బతుకులో అంత గొప్పగా ఏ బేరమూ గెలవలేదు.

వాదించలేని ముక్క ఇదే. గేటు తెరవడం కాదు, ఫోన్‌లో చెప్పింది కూడా కాదు. ఆమె తన చెయ్యి వైపు చూసుకున్న ఆ చూపు.

మూడు రోజులు చెంగమ్మ చేపలు అమ్మలేదు, కుక్కను వెతికింది. నేనూ వెతికాను, సరళ గారూ వచ్చి వెతికారు, మేం వెతికింది రోడ్ల మీద. చెంగమ్మకు మైపాడులో, వాళ్ల గుడిసెలకు కాస్త దూరంలో, ఇసకలో బోర్లించిన పడవ కింద దొరికింది. అంత దూరం కుంటుకుంటూ ఎందుకు పోయిందో నాకు తెలుసు. నా దగ్గర్నుంచి పారిపోయింది, నెత్తళ్ల చెయ్యిని వెతుక్కుంటూ పోయింది. ఒప్పుకోవడానికి కడుపు మండే మాటే, కానీ కుక్క ఎంచుకున్నది ఆమెను. చెంగమ్మ పట్టుకోబోలేదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవ పక్కన ఇసకలో కూర్చుని, అటు చూడకుండా చేపలు విసురుతూ ఉందట, అదే వచ్చి ఒళ్లో తల పెట్టేదాకా.

పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నా చేతుల్లో పెట్టి అంది: "ఇంద అక్కా. మా పడవల కాడే ఉండిపొయ్యేది గానీ, నీ కుక్క గదా. నా తప్పు నేను దిద్దుకున్నా."

తీసుకున్నాను. ఏం చెప్పాలి అప్పుడు? నోరు తెరిచాను కూడా. "మంచినీళ్లు తాగిపో" అన్నాను.

తప్పు చేపలమ్మది కాబట్టి సరళ గారు కుక్కను నాకే వదిలారు. ఆ రోజు నుంచి మళ్లీ ఒకటో రోజు మొదలుపెట్టాను. పద్నాలుగు రోజులు, ఒక్క పూట తగ్గించకుండా. రెండు బెల్టులు, రెండు తాళ్లు. గిన్నె ఉన్నచోట గిన్నె. గోడకు బొగ్గుతో గీతలు పెట్టుకున్నాను. పద్నాలుగో గీత నాడు బోణీ తనంతట తనే ముందు గది దాకా వచ్చి, కొట్లోకి తొంగిచూసి, తుమ్మి, నా గోనెపట్టా మీద పడుకుంది. అప్పుడు తెలిసింది, ఆమె చెప్పిన అంకె మొదటి నుంచీ అసలు ధరేనని. మీరెవరైనా దెబ్బ తిన్న కుక్కను ఇంటికి తెచ్చుకోబోతుంటే, చెప్పిన రోజులు చెప్పినట్టు ఉంచండి. అక్కడ బేరం చెల్లదు. ఈ సలహాకు మాత్రం నాకు హక్కుంది, గట్టిగానే చెల్లించి కొనుక్కున్నాను. చెల్లించింది చెంగమ్మ అని మీరంటారు. అనండి.

వీధివాళ్లు చెంగమ్మను అప్పట్నుంచి తమ దొడ్లలోకి రానివ్వలేదు. గేట్లు తీసి పోతుంది, బయటే ఉండి అరవమనండి అన్నారు. నా గేటు మాత్రం ఆమెకు తెరిచే ఉంచాను. గొప్ప మనసని జనం నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే కాదనలేదు. చెంగమ్మ వాళ్లాయన వలకు తాడు కావాలంటే మూర ఎక్కువే వేశాను. పండక్కి చీర పెట్టాను. రెండేళ్ల క్రితం గేటుకు స్ప్రింగు పెట్టించాను, తనంతట తనే మూసుకునేలా, ఇక ఎవరి చెయ్యీ గుర్తు పెట్టుకోవలసిన పని లేకుండా. చూశారా నా తెలివి? నిజం ఒక్కటి తప్ప మిగతా అన్నీ ఇచ్చి సర్దుబాటు చేద్దామనుకున్నాను.

చెంగమ్మ రోజూ వస్తుంది ఇప్పటికీ. బోణీకి మూతి నెరిసింది, పళ్లు కొన్ని పోయాయి, నెత్తళ్లు మెత్తగా ఉడికించి తెస్తుంది. పోతూ గేటు మూస్తుంది. స్ప్రింగు ఉన్నా గొళ్లెం వేస్తుంది. లాగి చూస్తుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తుంది. మలుపు దాకా పోయి, గంప నెత్తి మీద ఉండగానే ఒక్కోసారి మూడోసారి వస్తుంది. ఏ ఇంటి గేటు దగ్గరైనా అంతేనట. వాళ్ల గుడిసె తడిక దగ్గర కూడా అంతేనని, ముసిలిదాన్ని కాకముందే మతిమరుపు వచ్చిందని తనే నవ్వుతూ చెప్పింది. మొన్న గేటు బయట నిలబడి, "అక్కా, ఒకసారి చూడు, పడిందా?" అని అడిగింది. పడిందన్నాను. నా నోటితో ఆమెకు చెప్పిన నిజం అదొక్కటే.

ఆమెకే చెప్పొచ్చు కదా అంటారు. ఇలా చదవడం రాని మనిషికి అందని చోట రాయడం కూడా బేరమేగా అంటారు. అవును. తెలిసే రాశాను. రేపు చెబుతానని మీకు మాటివ్వను, ఇచ్చిన మాటలో సగం తగ్గించే మనిషినని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. చెప్పినా క్షమించమని అడగను. అడిగితే ఇది ఇచ్చి అది పుచ్చుకోవడం అవుతుంది. ఒక్క మాట, ఈ ఒక్కసారికి, బదులు ఏమీ అడగకుండా బల్ల మీద పెట్టాలని ఉంది.

బోణీ నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. కాలు తిమ్మిరెక్కింది. కదపను. మాట ఇదీ, రాస్తుంటే ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది:

గొళ్లెం వేసే ఉంది, చెంగమ్మా. నువ్వు మరిచిపోలేదు. తీసింది నేను.